మనం కొట్టిన మోర్స్ మనకే తిరిగి వినిపిస్తుందా? వినిపిస్తుంది, నేను విన్నాను

"హ్యామ్ రేడియోలో (లైసెన్సు తీసుకుని సరదాకి నడిపే సొంత రేడియో స్టేషన్లలో) మన సిగ్నలే కొన్ని సెకన్ల తర్వాత మనకు తిరిగి వినిపిస్తుందంటారు, నిజమేనా? గ్రహాంతరవాసుల పనా?" అని అడిగారు. నిజమే. గ్రహాంతరవాసుల పని మాత్రం కాదు.

2001 చలికాలం. సూర్యుడు మంచి ఊపు మీదున్న రోజులు, 28 మెగాహెర్ట్జ్ బ్యాండు పొద్దున్నే తెరుచుకునేది, అంటే దూరదేశాల స్టేషన్లు అందేవి. అప్పుడు మేం రాజమండ్రిలో ఉండేవాళ్లం. డాబా మీద వెదురు గెడలకు కట్టిన డైపోల్ (తీగ యాంటెనా), కింద గదిలో పాత సెట్టు, చుక్కలూ గీతలుగా అక్షరాలు పంపడానికి చేత్తో కొట్టే మోర్స్ కీ. జపాన్ స్టేషన్లు వరసగా దొరుకుతున్నాయి. ఒకాయనతో పలకరింపులు ముగించి మళ్లీ సీక్యూ (ఎవరైనా పలకండి అనే పిలుపు) కొట్టి, నా కాల్‌సైన్ (నా స్టేషన్ గుర్తింపు పేరు) ఇచ్చి, చివర 'ఇక మీరు చెప్పండి' అనే అర్థంలో 'కె' కొట్టి ఆగాను. సెట్టు రిసీవ్‌లోకి వచ్చింది. ఎవరూ పలకలేదు. మనసులో ఒకటి, రెండు, మూడు అనుకునేంత సేపు గడిచాక హెడ్‌ఫోన్స్‌లో నా కాల్‌సైన్ చివరి అక్షరాలు, వాటి వెనకే 'కె'. సన్నగా ఉంది గానీ ప్రతి చుక్కా, ప్రతి గీతా తెలుస్తోంది. 'కె'లో ఆఖరి గీతను నేను కాస్త సాగదీస్తాను, నా చేతివాటం అది. ఆ సాగదీత కూడా ఉంది! ఒళ్లు జలదరించింది. వెంటనే మళ్లీ కొట్టి చూశాను, ఏమీ రాలేదు. బ్యాండు మూసుకునే దాకా కూర్చున్నా, ఇంకోసారి రాలేదు.

భూమిని చుట్టి వచ్చే ప్రతిధ్వని అయి ఉంటుందని చాలామంది అంటారు. కాదు. అది సెకనులో ఏడో వంతులో వచ్చేస్తుంది, ఆ బ్యాండు మీద తిరిగేవాళ్లందరికీ పరిచయమే. ఎవరో టేపులో పట్టి తిరిగి వదిలారంటారా? వేరే ట్రాన్స్‌మిటర్ అయితే మోర్స్ మోగే స్వరంలో ఎంతో కొంత తేడా రావాలి. నాకు వినిపించింది నా సెట్టు స్వరమే.

ఆ సాయంత్రం మా ఊళ్లోని పెద్దాయనకు చెప్పాను. రైల్వేలో టెలిగ్రాఫ్ పనిచేసి రిటైరయ్యారు. "నాకూ ఒకసారి వచ్చిందోయ్. నవ్వుతారని లాగ్‌లో (స్టేషన్ పుస్తకంలో) కూడా రాయలేదు" అన్నారు. నాకు ఇక్కడే ఒళ్లు మండుతుంది. ఇలా రాయకుండా వదిలేసినవి ఎన్ని పోయాయో!

నవ్వడానికి ఏముంది? 1927లోనే నార్వేలో ఓస్లో దగ్గర జోర్గెన్ హాల్స్ అనే ఇంజనీరు, హాలెండ్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి వచ్చే పీసీజేజే షార్ట్‌వేవ్ స్టేషన్ సిగ్నల్ మూడు సెకన్ల తర్వాత మళ్లీ రావడం విన్నాడు. ధ్రువకాంతుల మీద జీవితమంతా పనిచేసిన శాస్త్రవేత్త కార్ల్ స్టోర్మర్‌కు ఆ సంగతి రాశాడు. 1928 అక్టోబరులో స్టోర్మర్ స్వయంగా విన్నాడు. ఐండ్‌హోవెన్‌లో వాన్ డెర్ పోల్ అనే శాస్త్రవేత్త కూడా విని, ఆలస్యాలను సెకన్లలో రాసుకున్నాడు: 8, 11, 15, 8, 13, 3... ఇలా. వీళ్లంతా ఆషామాషీ మనుషులు కారు.

ఆ అంకెలనే 1973లో డంకన్ లునాన్ అనే ఆయన గ్రాఫు గీసి, బూటీస్ నక్షత్రమండలం నుంచి వచ్చిన వ్యోమనౌక పంపిన పటం అన్నాడు. తర్వాత ఆయనే ఆ వాదన వెనక్కి తీసుకున్నాడు. అయినా యూట్యూబ్ వీడియోల్లో ఆ నౌక ఇంకా తిరుగుతూనే ఉంది. కాస్త లెక్క వేయండి. రేడియో తరంగం సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోతుంది. చంద్రుడి దాకా వెళ్లి రావడానికే రెండున్నర సెకన్లు. 8 సెకన్లంటే 12 లక్షల కిలోమీటర్ల అవతల ఏదో తగిలి రావాలి. అంత దూరం వెళ్లొచ్చిన సిగ్నల్ నా డైపోల్‌కు వినిపించేంత మిగలదు. పైగా ఒక్కచోట ఉన్న వస్తువైతే ఆలస్యం ఒకసారి 3, ఒకసారి 15 ఎందుకవుతుంది?

నా నమ్మకం ఇది: సిగ్నల్ దూరం పోలేదు, దగ్గర్లోనే నెమ్మదించింది. 1970లో స్టాన్‌ఫర్డ్‌లో క్రాఫర్డ్ బృందం ప్రతిపాదించిన దారి ఇదే. అయనోస్ఫియర్‌లో (వాతావరణం పైన విద్యుత్ కణాలుండే పొరలో) రేడియో తరంగం ఆ కణాల్లో పుట్టే ప్లాస్మా తరంగంగా మారి, మెల్లగా కదిలి, మళ్లీ రేడియో తరంగమై కిందికి వస్తుంది. బస్సు దిగి మట్టిరోడ్డున నడిచి, ముందు ఊళ్లో ఇంకో బస్సెక్కినట్టు. ఇంకా చాలా సిద్ధాంతాలున్నాయి, దేన్నీ ఎవరూ రుజువు చేయలేదు. నేను విన్నదానికి మాత్రం ఇదొక్కటే సరిపోతుంది.

ఈ రోజుల్లో "నాకూ వచ్చింది" అనేవాళ్లలో చాలామంది పక్కన కంప్యూటర్‌లో వెబ్‌ఎస్‌డీఆర్ (ఎక్కడో ఉన్న రిసీవర్‌ను ఇంటర్నెట్‌లో వినిపించే సైటు) తెరిచి పెట్టుకున్నవాళ్లే. ఇంటర్నెట్ మీంచి ఆలస్యంగా వచ్చే తమ సిగ్నలే అది. ఇక ఊళ్లో వినడమే గగనమైపోయింది. ప్రతి ఎల్‌ఈడీ బల్బూ, ప్రతి చవక చార్జరూ బ్యాండంతా గోల. అపార్టుమెంటు వాళ్లేమో డాబా మీద ఒక్క వైరు కట్టనివ్వరు, డిష్‌లు మాత్రం వరసగా బిగించుకుంటారు.

మీకు లైసెన్సుంటే 28 మెగాహెర్ట్జ్ తెరుచుకునే వేళ, ఖాళీ ఫ్రీక్వెన్సీ చూసుకుని కాల్‌సైన్ ఇచ్చి ఆపండి. అర నిమిషం పైనే ఆగి వినండి. వెబ్‌ఎస్‌డీఆర్ కట్టేయండి. ముందు నుంచే రికార్డింగ్ నడుస్తుండాలి, గడియారం జీపీఎస్‌తో సరిచేసి ఉండాలి. ఏది వినిపించినా లాగ్‌లో ఎక్కించండి. సమయం యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే అయిన సమయంలో) రాయండి, మన టైములో కాదు. వేరే దేశంలో ఎవరైనా అదే నిమిషంలో విని ఉంటే సరిపోల్చుకోవడానికి అదే ఆధారం.