పెట్టకు గుడ్డు నాళం బయటికి వస్తే

ప్రశ్న: మేడ మీద ఆరు కోళ్లను పెంచుతున్నాము. ఈ మధ్యే గుడ్లు మొదలుపెట్టిన ఒక పెట్టకు నిన్న పెద్ద గుడ్డు పెట్టాక వెనుక నుంచి ఎర్రటి కండ బయటికి వచ్చి, లోపలికి పోవడం లేదు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్

జవాబు: ముందు ఆ పెట్టను వేరు చేయండి, ఆలస్యం చేయవద్దు. ఎర్రగా కనిపించే ఆ భాగాన్ని తోటి కోళ్లు పొడవడం మొదలుపెడితే పేగుల వరకు లాగివేస్తాయి. బయటికి వచ్చింది గుడ్డు నాళం చివరి భాగం. గుడ్డు పెట్టగానే అది తనంతట తానే లోపలికి వెళ్లాలి కానీ, లేత పెట్టకు పెద్ద గుడ్డు వచ్చినప్పుడు కండరాలు అలసి అక్కడే నిలిచిపోతుంది.

లీటరు గోరువెచ్చని నీటిలో 9 గ్రాముల ఉప్పు కలిపి, అంటుకున్న రెట్ట, ఈకలు పోయేలా మెల్లగా కడగండి. వాపు ఎక్కువగా ఉంటే తడిపిన చక్కెరను కొద్ది నిమిషాలు పట్టించండి. అది నీటిని లాగి వాపు తగ్గిస్తుంది. మళ్లీ కడిగి, చేతితొడుగుకు వ్యాజ్‌లైన్ రాసి, వేలితో నిదానంగా లోపలికి నెట్టండి. కండ నల్లబడినా, చిరిగినా, లోపల గుడ్డు ఇరుక్కున్నట్లు తగిలినా మీరు ప్రయత్నించకుండా పశువైద్యునికి చూపించండి. రాజేంద్రనగర్‌లో పశువైద్య కళాశాల ఉంది.

తరువాత కొన్ని రోజులు మేత, నీరు తగ్గించకుండా, రోజుకు 8 గంటలకు మించి వెలుతురు తగలనీయకండి. వెలుతురు తగ్గితే గుడ్లు ఆగుతాయి, గుడ్లు ఆగితేనే ఆ కండరాలకు విశ్రాంతి. అయినా ఇది తరచుగా తిరగబెడుతుందని చెప్పక తప్పదు. మిగిలిన అన్నం మీదే పెంచితే కొవ్వు పట్టి, కాల్షియం చాలక ఈ ముప్పు పెరుగుతుంది కనుక, మిగతా ఐదింటికి లేయర్ దాణా (గుడ్లు పెట్టే కోళ్ల మేత)తో పాటు ఆల్చిప్పల ముక్కలు వేరే గిన్నెలో పెట్టండి.