ఇంటర్‌పోల్‌లో చేరతానంటున్న కెమిస్ట్రీ అమ్మాయికి దారేది?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ ఫైనలియర్. డ్రగ్స్ కేసుల్లో వేర్వేరు దేశాల పోలీసులు, కోర్టులు కలిసి పనిచేస్తాయట, తనకి ఆ పనే కావాలట, ఇంటర్‌పోల్ అంటోంది. ఎమ్మెస్సీ చేసి ఫార్మాలో చేరమంటే వినడం లేదు. అమీర్‌పేటలో ఒక ఇన్‌స్టిట్యూట్ వాళ్లు ‘అంతర్జాతీయ నార్కోటిక్స్ ఇన్వెస్టిగేషన్’ డిప్లొమా అని లక్షా ఎనభై వేలు అడుగుతున్నారు. కట్టమంటారా? ఆడపిల్ల, రిస్కు కూడా కదా? - ఒక తల్లి, వనస్థలిపురం

జవాబు: అమ్మా, ముందు డబ్బు సంగతి తేల్చేద్దాం. కట్టకండి. ఈ రంగంలో ప్రభుత్వ ఉద్యోగాలు పోటీ పరీక్షల మీద వస్తాయి, లేదంటే ఒక శాఖలో ఉన్నవాళ్లని ఇంకో శాఖ డిప్యుటేషన్ మీద తీసుకుంటుంది. ఆ డిప్లొమా చూసి ఉద్యోగం ఇచ్చేవాళ్లు ఆ వరసలో ఎక్కడా లేరు. బ్రోషర్ మీద గ్లోబు బొమ్మ ఎంత పెద్దగా ఉందన్నది లెక్కలోకి రాదు.

ఇక ఇంటర్‌పోల్. సినిమాల్లో చూపించినట్టు ఇంటర్‌పోల్ ఆఫీసర్ విమానం దిగి ఎవరికీ బేడీలు వేయడు. ఫ్రాన్స్‌లోని లియాన్‌లో దాని హెడ్డాఫీసు, 196 సభ్య దేశాలు, ప్రధానమైన పని ఒక దేశం సమాచారాన్ని ఇంకో దేశానికి చేరవేయడం, నోటీసులు జారీ చేయడం. రెడ్ నోటీసు అంటే ఫలానా మనిషి ఆచూకీ చెప్పండి, దొరికితే మీ చట్టం ప్రకారం ఆపి ఉంచండి అనే అభ్యర్థన, వారంట్ కాదు. మన దేశం వైపు ఆ తలుపు సీబీఐ చేతిలో ఉంటుంది. 2025 జనవరిలో భారత్‌పోల్ అని పోర్టల్ పెట్టారు, రాష్ట్ర పోలీసులు తమ అభ్యర్థనలు అందులోంచే సీబీఐకి పంపుకోవచ్చు. లియాన్‌లో కనిపించే పోలీసు అధికారులు మామూలుగా వాళ్ల వాళ్ల దేశాలు పంపినవాళ్లే. కాబట్టి మీ అమ్మాయి అక్కడికి వెళ్లాలన్నా ముందు ఇక్కడ ఒక యూనిఫామో, ఒక ఫైలో చేతిలోకి రావాలి.

అయితే తను అడుగుతున్న పని మాత్రం నిజంగా ఉంది. అదేంటో మీ ఇద్దరికీ అర్థం కావాలి, లేకపోతే ఏ కోర్సు చెప్పినా గాలిలో మాటే.

2021 సెప్టెంబర్‌లో గుజరాత్‌లోని ముంద్రా పోర్టులో డీఆర్ఐ (స్మగ్లింగ్ పట్టుకునే కేంద్ర సంస్థ) వాళ్లు 2,988 కిలోల హెరాయిన్ పట్టుకున్నారు, మీకూ గుర్తుండే ఉంటుంది, ఎందుకంటే ఆ సరుకు దిగుమతి చేసుకున్న సంస్థ అడ్రసు మన విజయవాడది. అఫ్గానిస్తాన్ సరుకు, కాగితాల మీద టాల్క్ రాళ్లు, ఎక్కించింది ఇరాన్‌లోని బందర్ అబ్బాస్ రేవులో. ఇప్పుడు దర్యాప్తు అధికారి కుర్చీలో కూర్చుని ఆలోచించండి. సరుకు పంపినవాడు ఒక దేశంలో, ఓడ కాగితాలు ఇంకో దేశంలో, డబ్బు ఏ ఖాతా నుంచి ఏ ఖాతాకి పోయిందన్నది మరోచోట. మన అధికారికి ఆ చోట్ల ఒక గుమాస్తాని పిలిచి ప్రశ్న అడిగే అధికారం కూడా లేదు. అడగాలంటే అక్కడి పోలీసులు అడగాలి, వాళ్లు అడగాలంటే వాళ్ల కోర్టో, వాళ్ల ప్రభుత్వమో ఒప్పుకోవాలి.

ఇక్కడ బయటివాళ్లకి తెలియని తేడా ఒకటుంది. సమాచారం వేరు, సాక్ష్యం వేరు. పోలీసుల మధ్య సమాచారం గంటల్లో వస్తుంది. 2024 మార్చిలో విశాఖ పోర్టులో బ్రెజిల్ నుంచి ఈస్ట్ పొడి (బ్రెడ్డు తయారీలో వాడే లాంటిది) పేరుతో వచ్చిన కంటైనర్‌ని సీబీఐ ఆపింది ఇంటర్‌పోల్ ద్వారా అందిన కబురుతోనే. అలాంటి కబురుతో కంటైనర్ ఆపొచ్చు, తెరవొచ్చు. కానీ లోపల ఏముందో చెప్పాల్సింది ల్యాబు, ఎవరు పంపారో కోర్టులో రుజువు చేయాల్సింది సంతకాలున్న కాగితం.

చిన్న కేసు తీసుకుందాం. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక ప్రయాణికురాలి మీద అనుమానం వస్తుంది, క్యాప్సూళ్లు మింగి వచ్చిందని. ఊరికే ఎక్స్‌రే తీసేయడానికి లేదు. తనంతట తాను ఒప్పుకోకపోతే కస్టమ్స్ చట్టం 103వ సెక్షన్ కింద మేజిస్ట్రేట్ ముందు పెట్టి, ఆయన ఆదేశం మీద తీయించాలి. ఆ తర్వాత ఆస్పత్రిలో డాక్టర్ పర్యవేక్షణలో అవి బయటికి వచ్చేదాకా కాపలా, ప్రతి క్యాప్సూల్ లెక్క, తూకం, పంచనామా. కొకైన్ వంద గ్రాములు దాటితే చాలు, అది వాణిజ్య పరిమాణం, పదేళ్లకి తగ్గని శిక్ష. సరే, ఆమె దొరికింది. టికెట్ కొన్నదెవరు? మాట్లాడిన నంబరు ఎవరిది? అదంతా ఇంకో దేశంలో ఉంది. ఢిల్లీలోని ఎంబసీల్లో డ్రగ్స్ వ్యవహారాలు చూసే లియాజాన్ ఆఫీసర్లు ఉంటారు, అమెరికా డ్రగ్స్ నిరోధక సంస్థ డీఈఏకి అక్కడ ఆఫీసే ఉంది, వాళ్ల ద్వారా పేరు తెలియొచ్చు. ఆ పేరు ఛార్జిషీట్‌లో నిలబడాలంటే మాత్రం మన కోర్టు నుంచి లెటర్ రొగేటరీ, అంటే సాక్ష్యం సేకరించి పంపమని అక్కడివాళ్లని కోరే లేఖ వెళ్లాలి, ఇప్పుడైతే సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 112వ సెక్షన్ కింద, లేదా ఒప్పందం ఉన్న దేశమైతే పరస్పర న్యాయ సహాయం కింద కేంద్ర హోంశాఖ నుంచి అభ్యర్థన వెళ్లాలి.

ఆ లెటర్ రాయడం ఒక విద్య అని నా అభిప్రాయం, దాన్ని నేర్పేవాళ్లు మన ఊళ్లో తక్కువ. కేసు ఏమిటి, మాకు ఏ కాగితం కావాలి, ఆ కాగితానికీ ఈ నేరానికీ సంబంధం ఏమిటి, మీ దేశ చట్టంలో కూడా ఇది నేరమేనా, ఇవన్నీ వాళ్ల జడ్జికి అర్థమయ్యేలా ఉండాలి, వాళ్ల భాషలోకి అనువాదం కావాలి. ‘మీ దగ్గర ఏముంటే అది పంపండి’ అన్నట్టు రాస్తే తిప్పి కొడతారు. ఈలోగా ఇక్కడ గడియారం ఆగదు, ఎన్‌డీపీఎస్ చట్టం (మన మాదకద్రవ్యాల చట్టం) 37వ సెక్షన్ వల్ల పెద్ద కేసుల్లో బెయిల్ కష్టం కాబట్టి ముద్దాయి లోపలే ఉంటాడు, నెలలు, ఒక్కోసారి ఏళ్లు గడుస్తాయి. పైగా నార్కోటిక్స్ అధికారి ముందు ఇచ్చిన వాంగ్మూలాన్ని నేరాంగీకారంగా వాడుకోవడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 2020లో తేల్చేసింది. అంటే ముద్దాయి నోటి మాట మీద ఆనుకునే రోజులు పోయాయి, కాగితమే దిక్కు.

యూరప్ వాళ్లు ఈ తలనొప్పికి ఒక మందు కనిపెట్టారు. రెండు మూడు దేశాల పోలీసులు, ప్రాసిక్యూటర్లు కలిసి ఒక ఒప్పందం రాసుకుని ఉమ్మడి దర్యాప్తు బృందంగా ఏర్పడతారు, ఆ బృందంలో ఒక దేశం సేకరించింది ఇంకో దేశం వాడుకోవడానికి ప్రతిసారీ కొత్త లెటర్ అక్కర్లేదు. నెదర్లాండ్స్‌లోని ది హేగ్‌లో యూరోజస్ట్ అనే సంస్థ దీన్ని నడిపిస్తుంది. 2020లో ఎన్‌క్రోచాట్ అనే రహస్య ఫోన్ల నెట్‌వర్క్‌ని ఫ్రాన్స్, నెదర్లాండ్స్ అలాగే ఛేదించాయి, 2023 జూన్ నాటికి ప్రపంచవ్యాప్తంగా 6,558 అరెస్టులు లెక్క తేలాయి. ఆ తర్వాత ఆ చాట్‌లని సాక్ష్యంగా తీసుకోవచ్చా అని చాలా దేశాల కోర్టుల్లో పెద్ద యుద్ధమే జరిగిందనుకోండి. ఆ యూరప్ దేశాలు ఒకదాన్నొకటి సాక్ష్యం అడిగితే ఇవ్వాలా వద్దా అన్నది 30 రోజుల్లో తేల్చాలి, తర్వాత 90 రోజుల్లో పని పూర్తిచేయాలి అని గడువు కూడా ఉంది. మనకీ మన పొరుగు దేశాలకీ మధ్య అలాంటి గడువులేమీ లేవు, 1988 నాటి ఐక్యరాజ్యసమితి వియన్నా ఒప్పందం, విడివిడి ద్వైపాక్షిక ఒప్పందాల లాంటివాటితోనే నెట్టుకొస్తున్నాం.

ఇప్పుడు మీ అమ్మాయి దగ్గరికి వద్దాం. ఈ ఫైల్ కదిలే దారిలో తను ఎక్కడ కూర్చోవాలనుకుంటోంది? అది తేలాలి.

పట్టుకునే చోట అయితే స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పెట్టే సీజీఎల్ పరీక్ష రాయమనండి. డిగ్రీ ఏదైనా పర్లేదు, చాలా పోస్టులకి 30 ఏళ్ల వరకు వయసు. కేంద్ర డ్రగ్స్ నియంత్రణ సంస్థ ఎన్‌సీబీలో ఎస్సై, సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్‌లో ఇన్‌స్పెక్టర్, కస్టమ్స్‌లో ప్రివెంటివ్ ఆఫీసర్, సీబీఐ, ఎన్ఐఏల్లో ఎస్సై, ఈడీలో అసిస్టెంట్ ఎన్‌ఫోర్స్‌మెంట్ ఆఫీసర్, అన్నీ ఆ ఒక్క పరీక్షలోనే వస్తాయి. డీఆర్ఐకి విడిగా పరీక్ష అంటూ ఉండదు, కస్టమ్స్ వాళ్లే అందులోకి వెళ్తారు. యూపీఎస్సీ రాసి ఐపీఎస్, ఐఆర్ఎస్ అంటే ఇంకా మంచిదే, కానీ అశోక్‌నగర్ కోచింగ్ సెంటర్లలో నాలుగైదేళ్లు దాని మీదే గడిపేయొద్దు, సీజీఎల్ పక్కన నడుస్తూ ఉండాలి. రాష్ట్రంలో ఉండాలంటే ఎస్సై ఉద్యోగం తెచ్చుకుని, తెలంగాణ పోలీసుల డ్రగ్స్ నిరోధక విభాగం, 2025లో పేరు మార్చుకున్న ఈగల్ వైపు వెళ్లొచ్చు. ఆంధ్రాలో కూడా అదే పేరుతో ఒకటుంది, వెతికేటప్పుడు రెండూ కలిపేసుకోకండి.

ల్యాబ్ అంటే తన కెమిస్ట్రీకి నేరుగా అతికే చోటు. మన రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ల్యాబ్ ఉంది, రెడ్‌హిల్స్‌లో రాష్ట్రానిది ఉంది. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ గానీ ఫోరెన్సిక్ సైన్స్ గానీ చేసి అటు వెళ్లొచ్చు. ఈ పని ఎంత నిక్కచ్చిగా ఉంటుందో ఒక్కటి చెప్తా. 2022 నాటి రూల్స్ ప్రకారం శాంపిల్ మేజిస్ట్రేట్ ఎదుటే తీయాలి, మామూలు డ్రగ్స్‌కి ఐదు గ్రాములు, గంజాయి, చరస్, నల్లమందుకి 24 గ్రాములు, ప్రతిదీ రెండేసి. సీలు తేడా వచ్చినా, తూకం తేడా వచ్చినా డిఫెన్స్ లాయరు వదలడు, వదలకూడదు కూడా.

కెమిస్ట్రీకి ఇంకో దారి ఉంది, దాన్ని ఎవరూ చెప్పరు. హైదరాబాద్ ఫార్మా ఊరు. ఎఫిడ్రిన్ లాంటి ముడిరసాయనాలు మందులకీ కావాలి, మెత్ అనే మత్తుమందు తయారీకీ కావాలి. అందుకే అవి దేశం దాటాలంటే గ్వాలియర్‌లోని సెంట్రల్ బ్యూరో ఆఫ్ నార్కోటిక్స్ నుంచి ఎన్ఓసీ తీసుకోవాలి, సరుకు బయల్దేరక ముందే దిగుమతి చేసుకునే దేశానికి పెన్ ఆన్‌లైన్ అనే వ్యవస్థలో కబురు వెళ్తుంది, ఆ దేశం ‘ఈ కంపెనీ మాకు తెలియదు’ అంటే అక్కడితో ఆగిపోతుంది. దేశాల మధ్య సహకారం సాక్షాత్తూ ఇదే, తుపాకీ లేదు, సోదా లేదు. కంపెనీల రెగ్యులేటరీ విభాగాల్లో ఈ పని చేసేవాళ్లు ఉంటారు. మన శివార్లలోని కెమికల్ యూనిట్లలో ఆల్ప్రాజోలం అనే నిద్రమత్తు మందు, మెఫెడ్రోన్ అనే డ్రగ్ పట్టుబడ్డ వార్తలు, కల్లులో ఆల్ప్రాజోలం కలిపే గొడవలు మీరు చదివే ఉంటారు, అవి ఆ గొలుసు తెగిన చోట పుట్టేవే. మీరు ఫార్మా అంటున్నారు, తను డ్రగ్స్ కేసులు అంటోంది, మీ ఇద్దరి మాటా నిలబడే చోటు బహుశా ఇదొక్కటే.

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే మాత్రం లా అంటాను. డిగ్రీ అవగానే లాసెట్ రాసి మూడేళ్ల ఎల్ఎల్‌బీ, ఉస్మానియాలో సీటు వస్తే ఫీజు కూడా మీకు భారం కాదు. కెమిస్ట్రీ తెలిసిన లాయరు ల్యాబ్ రిపోర్ట్ చదివి ప్రశ్న అడిగితే ఆ కోర్టు హాల్ తీరే వేరు. అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ పోస్టులు తెలంగాణలో పోలీస్ రిక్రూట్‌మెంట్ బోర్డు భర్తీ చేస్తుంది. జడ్జి కావాలంటే ఇప్పుడు కనీసం మూడేళ్ల ప్రాక్టీస్ ఉండాలని 2025 మేలో సుప్రీంకోర్టు మళ్లీ పెట్టింది, కాబట్టి చదువు అవగానే పరీక్ష రాసేస్తానంటే కుదరదు. ఆ మూడేళ్లూ చేతి ఖర్చులకి కూడా సరిగా రావు, అది ముందే ఇంట్లో మాట్లాడుకోండి. ఫ్రెంచో స్పానిషో ఇప్పటి నుంచే మొదలుపెట్టమనండి, ఇంటర్‌పోల్ పనిచేసే నాలుగు భాషల్లో అవి రెండు. తార్నాకలో ఇఫ్లూ లాంటి భాషల యూనివర్సిటీ ఉన్న ఊళ్లో ఉండి ఆ పని చేయకపోవడం అన్యాయం.

ఆడపిల్ల, రిస్కు అన్నారు. రిస్కు లేదని నేను అబద్ధం చెప్పను, దాడులకి వెళ్లే ఉద్యోగంలో ఉంటుంది, ల్యాబులో, కోర్టులో, ఆఫీసు ఫైళ్లలో చాలా తక్కువ. కానీ ఇంకో వైపు చూడండి, ఎన్‌డీపీఎస్ చట్టం 50వ సెక్షన్ ప్రకారం స్త్రీని స్త్రీయే సోదా చేయాలి. టీమ్‌లో ఆడ ఆఫీసర్ లేని రోజు కేసు అక్కడే నీరుగారిపోతుంది. మీ అమ్మాయి లాంటివాళ్లు ఈ శాఖలకి అవసరం, ఇది దయతో ఇచ్చే చోటు కాదు.

అన్నట్టు, ‘మీ పేరుతో ఉన్న పార్శిల్‌లో డ్రగ్స్ దొరికాయి, కస్టమ్స్ నుంచి మాట్లాడుతున్నాం, వీడియో కాల్ కట్ చేయొద్దు’ అని ఎవరైనా ఫోన్ చేస్తే పెట్టేసి 1930కి కొట్టండి. డిజిటల్ అరెస్ట్ అనేది ఏ చట్టంలోనూ లేదు. ఈ ఊళ్లో చదువుకున్నవాళ్లే లక్షలు పోగొట్టుకున్నారు కాబట్టి మీకూ చెప్తున్నాను.

ఈ సెలవుల్లో ఒక పని చేయించండి. ఎల్బీనగర్ కోర్టులు మీకు దగ్గరే, ఎన్‌డీపీఎస్ కేసులు విచారణకి వచ్చే హాల్‌లో వెనక బెంచీ మీద రెండు మూడు రోజులు కూర్చోమనండి, ఎవరైనా కూర్చోవచ్చు, ఫోన్ సైలెంట్‌లో ఉంటే చాలు. వాయిదాల మీద వాయిదాలు, చదివింది చదవడం, పంచ్ సాక్షి మాట మార్చడం, అన్నీ చూశాక కూడా ఇదే కావాలంటే ఇక మీరు అడ్డుపడకండి. సీజీఎల్‌కి అప్లై చేసేటట్టయితే పదో తరగతి మెమోలో పేరు, ఆధార్‌లో పేరు ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి, బీసీ అయితే కేంద్ర ప్రభుత్వ నమూనాలో ఓబీసీ సర్టిఫికెట్ విడిగా తీయించాలి, మన రాష్ట్రం ఇచ్చే మామూలు కుల ధ్రువీకరణ పత్రం అక్కడ పనిచేయదు.