మార్చిలో నల్లమలకి మొక్కల సేకరణకి వెళ్తే ఎండ, పురుగులతో ఎలా?

ఎం.ఎస్సీ ప్రాజెక్టు కోసం మార్చి నెలాఖరులో నల్లమల వెళ్తున్నామన్నారు. ఆ ఎండల్లో అసలేమైనా దొరుకుతుందా, పురుగుల సంగతేంటి అని అడిగారు. పరిశోధన చేసే రోజుల్లో మన్ననూరు, శ్రీశైలం వైపు వేసవుల్లో బాగా తిరిగినవాణ్ణి కాబట్టి చెప్తున్నా.

చెట్లు దొరుకుతాయి. గడ్డిజాతులు, చిన్న మొక్కలు కావాలంటే మాత్రం వానలు పడ్డాక మళ్ళీ వెళ్ళాల్సిందే. నల్లమల ఆకురాల్చే అడవి. కొండగోగు, మోదుగ లాంటివి ఆకంతా రాల్చేసి పూస్తాయి. చిక్కు అక్కడే ఉంది. పూలు ఇప్పుడు కోసినా ఆకులు దొరికేది నెలల తర్వాతే, రెండూ ఒకే చెట్టువి కావాలి. అందుకని జీపీఎస్ గుర్తుతో పాటు చెట్టు ఆనవాళ్ళు కూడా రాసుకోండి: బెరడు ఎలా ఉంది, పక్కనే బండ ఉందా, వాగు ఉందా. పచ్చబడ్డాక ఆ అడవిని మీరు గుర్తుపట్టలేరు.

తెల్లవారగానే బయల్దేరి పది, పదిన్నరకి కోయడం ఆపేయండి. కొండగోగు రేకులు ఎంత పల్చనంటే, కోసి పాలిథిన్ సంచిలో వేసుకుని ఎండలో నడిస్తే సాయంత్రానికి ఉడికిన ముద్దే మిగులుతుంది. రెండు అట్టలు, పాత పేపర్లు, ఒక బెల్టుతో మొక్కల్ని నొక్కి ఆరబెట్టే చిన్న ప్రెస్ భుజాన ఉండాలి. చెట్టు కిందే పరిచేయాలి. పువ్వు రంగు, వాసన, పాలు కారుతున్నాయా లేదా అన్నది అప్పుడే రాయాలి, ఎండాక ఇవేవీ తెలీవు. జెముడు జాతి మొక్కలు ప్రెస్‌లో కూడా చావవు. వాటిని మరుగుతున్న నీళ్ళలో ముంచి తీసి పెట్టండి. పాలు కంట్లో పడకుండా జాగ్రత్త.

ఇక పురుగులు. అందరూ దోమలంటారు గానీ పగలంతా ప్రాణం తీసేది చెమట కోసం కళ్ళ దగ్గర ముసిరే చిన్న ఈగలు. టోపీ మీంచి దోమతెర గుడ్డ వేసుకుంటే చాలు, చూసి నవ్వేవాళ్ళని నవ్వనివ్వండి. దోటితో కొమ్మ లాగేముందు తలెత్తి చూడండి: ఆకులు కలిపి కుట్టిన గూడు కనిపిస్తే ఆ కొమ్మ వదిలేయండి, లేకపోతే ఎర్ర చీమలు కాలర్‌లోకి వానలా రాలతాయి. కొండ తేనెపట్లు ఉన్నచోట సెంటు, పొగ రెండూ వద్దు. తపసి కాయల్ని ఉత్త చేతుల్తో ముట్టుకోకండి, వాటి నూగు గుచ్చుకుంటే మంట తగ్గదు. నాకు ఆ మాట చెప్పింది తపసి బంక తీసే చెంచు పెద్దాయన. దారి చూపడానికి అలాంటివాళ్ళని తీసుకెళ్ళండి, కూలి సరిగ్గా ఇవ్వండి.

ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపండి, రాత్రి స్నానం చేసేటప్పుడు చంకలు, నడుము దగ్గర పిడుదులు పట్టాయేమో చూసుకోండి. తిరిగొచ్చాక రెండు మూడు వారాల్లో జ్వరం వస్తే అడవికి వెళ్ళొచ్చానని డాక్టరుకి తప్పకుండా చెప్పండి. పొదల్లో ఉండే, కంటికి సరిగ్గా కనిపించని చిగ్గర్లనే పురుగులు (పిడుదులు కావు) కుడితే వచ్చే స్క్రబ్ టైఫస్‌ని మామూలు జ్వరమని వదిలేస్తే ప్రమాదం. ఒంటి మీద ఎక్కడైనా నల్లటి పెచ్చు కట్టిన మచ్చ ఉంటే అదీ చూపించండి. తొందరగా పట్టుకుంటే డాక్సీసైక్లిన్‌తో తగ్గిపోతుంది.

అనుమతి విషయం మీ ప్రాజెక్టు గైడ్ చూసుకుంటారులే అనుకోకండి. తెలంగాణ వైపు అమ్రాబాద్, ఆంధ్ర వైపు నాగార్జునసాగర్–శ్రీశైలం, రెండూ టైగర్ రిజర్వులే. రెండు రాష్ట్రాల అటవీశాఖలనీ విడివిడిగా అడగాలి, కాగితం చేతికి రావడానికి చాలా టైం పడుతుంది. అది లేకుండా కత్తి, గోనెసంచితో కనిపిస్తే స్మగ్లర్లనే అనుకుంటారు.

మీరు అడగని పురుగు ఇంకోటుంది. ఇంత కష్టపడి ఎండబెట్టి, మొక్కలు అతికించిన షీట్లని డిపార్ట్‌మెంట్ బీరువాలో పెంకుపురుగులు పొడి చేసేస్తాయి. కలరా ఉండలు వాటిని రాకుండా కొంత ఆపుతాయంతే, లోపలున్నవాటిని చంపవు. షీట్లు బాగా ఎండాక పాలిథిన్ కవర్లో గాలి దూరకుండా కట్టి, డీప్ ఫ్రీజర్లో ఓ వారం ఉంచి, ఆ తర్వాతే బీరువాలోకి ఎక్కించండి.