అమ్మలూ, ముందు ఆర్‌ఏ రిజిస్టర్ సంగతి చూడు

అమ్మలూ,

నువ్వు రిస్క్-ఫైవ్ అనే ప్రాసెసర్ రకానికి అసెంబ్లీ, అంటే ప్రాసెసర్ ఇన్‌స్ట్రక్షన్లలోనే ప్రోగ్రామ్ రాయడం, మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది, చాలా సంతోషం వేసింది. రెండు రోజులకే టెన్షన్ పడుతున్నావని కూడా చెప్పింది, అందుకే ఇది రాస్తున్నా.

కాలేజీ ల్యాబ్‌లో చేసిన 8086 అనే పాత ఇంటెల్ ప్రాసెసర్‌ని కొన్నాళ్లు పక్కన పెట్టు. అక్కడ మెమరీలో ఉన్న అంకెను నేరుగా ఏఎక్స్ రిజిస్టర్‌కి, అంటే ప్రాసెసర్ లోపలి చిన్న గడికి, కలిపేయొచ్చు. ఇక్కడ అలా కుదరదు, లోడ్ చేసి రిజిస్టర్‌లోకి తెచ్చుకోవాలి, అక్కడే లెక్క చేయాలి, స్టోర్ చేసి మళ్లీ మెమరీకి పంపాలి. లెక్క ఫలితం ఎలా వచ్చిందో చెప్పే జీరో ఫ్లాగ్, క్యారీ ఫ్లాగ్ కోసం వెతక్కు, లేవు. బ్రాంచ్ ఇన్‌స్ట్రక్షనే రెండు రిజిస్టర్లను పోల్చుకుని దూకుతుంది. 32 బిట్ల బేస్ సెట్‌లో ఉన్నవే 40 ఇన్‌స్ట్రక్షన్లు, కాబట్టి బట్టీ పట్టాల్సిన పనే లేదు, వాడుతుంటే వాటంతటవే వచ్చేస్తాయి.

రిజిస్టర్లు 32. వాటిలో ఎక్స్0లో ఎప్పుడూ సున్నానే ఉంటుంది, నువ్వు ఏం రాసినా నిలవదు. ఒక రిజిస్టర్ దండగైపోయిందని నాకూ మొదట్లో అనిపించింది గానీ, చిన్న అంకెను రిజిస్టర్‌లో పెట్టాలంటే ఎక్స్0కి కలిపితే చాలు, గుర్తు మార్చాలంటే ఎక్స్0 లోంచి తీసేస్తే చాలు, ఇంత తక్కువ ఇన్‌స్ట్రక్షన్లతో నెట్టుకురాగలగడానికి ఈ సున్నా కూడా ఒక కారణం.

మొదటి ప్రోగ్రామ్‌గా హలో వరల్డ్ వద్దు. ఏ0 రిజిస్టర్‌లో 42, ఏ7లో 93 పెట్టి, ఆపరేటింగ్ సిస్టమ్‌ని పిలిచే ఈకాల్ ఇవ్వు. లైనక్స్‌లో 93 అంటే ఎగ్జిట్. రిస్క్-ఫైవ్‌ని మన కంప్యూటర్‌లోనే అనుకరించే క్యూఈఎమ్‌యూలో నడిపి, షెల్‌లో ఎగ్జిట్ కోడ్ అడిగితే 42 కనపడాలి. కనపడిందా, నీ టూల్స్ అన్నీ సరిగ్గా ఉన్నట్టే, ఇక తప్పు జరిగితే అది నీ కోడ్‌లోనే.

ఇప్పుడు అసలు విషయం. ఫంక్షన్‌ను కాల్ చేసినప్పుడు తిరిగి ఎక్కడికి రావాలో ఆ అడ్రస్ స్టాక్ (ఫంక్షన్లు తాత్కాలికంగా దాచుకునే మెమరీ) మీదకి దానంతటది వెళ్లదు, 8086లో వెళ్లేది. ఇక్కడ అది ఆర్‌ఏ అనే రిజిస్టర్‌లో కూర్చుంటుంది. నీ ఫంక్షన్ ఇంకో ఫంక్షన్‌ను కాల్ చేసిందంటే, ఆర్‌ఏలో ఉన్న పాత అడ్రస్ పోయి కొత్తది వస్తుంది. కాల్ చేసిన వెంటనే కింద రెట్, అంటే ఆర్‌ఏలోని అడ్రస్‌కి దూకే ఇన్‌స్ట్రక్షన్, ఉందనుకో, ఆర్‌ఏలో ఇప్పుడు ఉన్నది ఆ రెట్ అడ్రసే, అంటే రెట్ తన మీదకే తాను దూకుతూ ఉంటుంది. ఎర్రర్ రాదు, క్రాష్ అవదు, ఊరికే అలా తిరుగుతూనే ఉంటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తల్లో ఆర్మ్ చిప్ మీద లింక్ రిజిస్టర్‌తో సరిగ్గా ఇదే తప్పు చేసి, బోర్డే పాడైందేమో అనుకుని రెండు రోజులు తల పట్టుకున్నాను. నువ్వు ఆ రెండు రోజులు పోగొట్టుకోకు. ఫంక్షన్ మొదట్లో, స్టాక్ ఎక్కడిదాకా ఉందో చూపే ఎస్‌పీని 16 బైట్లు కిందికి దించి ఆర్‌ఏని అక్కడ దాచు, చివర్లో తీసుకుని ఎస్‌పీని మళ్లీ పైకి లేపి అప్పుడు రెట్ ఇవ్వు. 64 బిట్ల మెషీన్‌లో ఆర్‌ఏకి 8 బైట్లే కావాలి కదా అని 8 దించకు, స్టాక్ ఎప్పుడూ 16 లెక్కలోనే ఉండాలి.

టీ0 లాంటి టీ రిజిస్టర్లు, ఏ0 లాంటి ఏ రిజిస్టర్లు ఎవరైనా చెరిపేయొచ్చు, కాల్ తర్వాత వాటిని నమ్మకు. ఎస్0 నుంచి ఎస్11 దాకా వాడుకుంటే మాత్రం, ఎలా దొరికాయో అలాగే తిరిగి అప్పజెప్పాలి. ఈ మాట ప్రాసెసర్‌కి తెలియదమ్మా, మనుషుల మధ్య ఒప్పందం, తప్పితే దెబ్బ ఇంకెవరి ఫంక్షన్‌లోనో బయటపడుతుంది.

ఇంకోటి, కలిపే ఇన్‌స్ట్రక్షన్‌లో అంకెకి ఉన్న చోటు 12 బిట్లే, మైనస్ 2048 నుంచి 2047 దాకా. పెద్ద అంకెలకి, అంకెను రిజిస్టర్‌లో పెట్టమనే ఎల్‌ఐ అని రాస్తే అసెంబ్లరే రెండు ముక్కలు చేస్తుంది. 7000 ఇచ్చి, తయారైన ఇన్‌స్ట్రక్షన్లను చూపించే ఆబ్జ్‌డంప్‌లో చూడు, ముందు 8192 పెట్టి తర్వాత మైనస్ 1192 కలిపి ఉంటుంది. 4096కి 2904 కలపొచ్చు కదా అనుకుంటావు, 2904 ఆ 12 బిట్లలో పట్టదు మరి. ఇలాంటివి చదివితే మర్చిపోతావు, ఒక్కసారి కళ్లతో చూస్తే మర్చిపోవు. బైట్ లోడ్ చేసేటప్పుడు కూడా జాగ్రత్త, పై బిట్‌ని మైనస్ గుర్తుగా తీసుకునే ఎల్‌బీతో తెస్తే 200 కాస్తా మైనస్ 56 అయి కూర్చుంటుంది, 200గానే కావాలంటే ఎల్‌బీయూ.

జీడీబీ అనే డీబగ్గర్‌లో ఒక్కో ఇన్‌స్ట్రక్షన్ నడుపుతూ, ఆర్‌ఏ, ఎస్‌పీ, ఏ0 ఎలా మారుతున్నాయో నోట్‌బుక్‌లో రాసుకో. సీలో చిన్న ఫంక్షన్ రాసి కంపైలర్ ఏం ఇచ్చిందో కూడా చదువు, కానీ ముందు నువ్వు రాసుకున్నాకే.

ఈ వారం రికర్షన్‌తో ఫ్యాక్టోరియల్ రాయి. ఆర్‌ఏతో పాటు, ఏ అంకెకి ఫ్యాక్టోరియల్ కావాలో ఆ ఎన్‌ని కూడా దాచుకోవాల్సి వస్తుంది, అక్కడే చిక్కుకుంటావు. చిక్కుకుంటే ఆ నోట్‌బుక్ పేజీ ఫొటో తీసి పంపు, ఆదివారం ఉదయం ఇద్దరం కూర్చుని చూద్దాం.

మామయ్య