నారు కట్ట: మిరప మొలకలు, కిటికీ వెలుగు, మధ్యలో ఒక గంజాయి ఉత్తరం

పర్లాకిమిడిలో ఇరవై ఆరేళ్లు నారు పోసి, సంతలో కట్ట లెక్కన అమ్మినదాన్ని. మోకాళ్లు మొరాయించాక మడి మా మరిది కొడుక్కి అప్పజెప్పి, నేను ఇంట్లో ట్రేల్లోకి దిగాను. మడిలో కంటే ఇంట్లో నారు పెంచడమే కష్టమని అప్పుడు తెలిసింది. ఈ నెల ఉత్తరాల్లో ముప్పాతిక వంతు అదే గోల.

పెద్దమ్మా, మాది మేడ మీద అద్దె ఇల్లు. డాబా మీద పెడదామంటే కోతులు. హాల్లో కిటికీ దగ్గర మిరప గింజలు మూడుసార్లు వేశాను. మొలుస్తాయి, వారం తిరక్కుండా వేలెడు పొడుగు సాగి, పాలిపోయి, పడిపోతాయి. రోజూ రెండు పూటలా నీళ్లు పోస్తున్నాను. లోపం ఎక్కడ?
— ఒక గృహిణి, రాయగడ

అమ్మీ, రెండు పూటలా నీళ్లన్నావు చూడు, సగం జవాబు అక్కడే ఉంది. మిగతా సగం కిటికీది.

ముందు పడిపోయిన మొలకనొకదాన్ని పీకి, వెలుగులో పెట్టి చూడు. కాడ మొదలు నుంచి చివరిదాకా ఒకే తీరున సన్నగా, తెల్లగా ఉంటే దానికి వెలుగు చాలలేదు. అలా కాక, పైన పచ్చగానే ఉండి, మట్టికి ఆనే చోట మాత్రం గోటితో నొక్కినట్టు సన్నబడి, నీరు పట్టి గోధుమ రంగుకు తిరిగితే అది నారుకుళ్లు. పిథియం, రైజోక్టోనియా లాంటి బూజుల పని. నీ ఉత్తరం చూస్తే రెండూ కలిసే ఉన్నాయనిపిస్తోంది. వెలుగు లేని మొక్క నీళ్లు తాగదు. తాగని నీళ్లు మట్టిలోనే నిలిచి బూజును పెంచుతాయి.

నాకూ జరిగింది. ఇంట్లో పోసిన మొదటి ఏడు 98 గుంటల ట్రేలు రెండు పెట్టి, వెచ్చగా ఉంటుందని పైన పాలిథిన్ కప్పాను. మొలకలొచ్చాక తీసెయ్యాలి. పెళ్లి పనుల్లో పడి నాలుగు రోజులు మరిచిపోయాను. సాయంత్రం చూస్తే పచ్చటి తివాచీలా ఉంది. తెల్లారేసరికి ట్రే మధ్యలో అరచేయంత బోడి. వంగి చూస్తే మట్టి మీద సాలీడు గూడులాంటి తెల్లటి పోగులు. మధ్యాహ్నానికి బోడి రెండు అరచేతులైంది. 196 గుంటల్లో మిగిలినవి 31. మడిలో గాలి ఆడుతుంది, ఎండ ఆరబెడుతుంది. ఇంట్లో ఆ రెండింటి పనీ మనమే చెయ్యాలి.

పెరటి మట్టి తేకు. కొబ్బరి పీచు పొడి రెండు పాళ్లు, బాగా మాగిన వానపాముల ఎరువు ఒక పాలు కలుపు. అందులో గుప్పెడు ట్రైకోడెర్మా విరిడి పొడి (కుళ్లు తెచ్చే బూజుల్ని అణిచే మేలు బూజు) వేస్తే మంచిది. ట్రే అడుగున చిల్లులు తప్పనిసరి. గింజను దాని మందానికి రెండు మూడింతల లోతులో పెడితే చాలు, మిరపకైతే అర సెంటీమీటరు. నీళ్లు పైనుంచి పొయ్యకు. ట్రేని నీళ్ల పళ్లెంలో పావుగంట ఉంచి తీసెయ్. మళ్లీ ఎప్పుడంటావేమో, గడియారం చూడకు, ట్రే ఎత్తి చూడు. తడిసిన ట్రే బరువు చేతికి ఒక్కసారి తెలిస్తే చాలు. తేలికైతే మళ్లీ పళ్లెంలో పెట్టు, బరువుంటే ఊరుకో. కుళ్లు కనిపిస్తే ఆ గుంటల్ని మట్టితో సహా తీసి పారేసి, మిగతావాటికి లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్లు తడుపు. పడిపోయినవి మాత్రం మళ్లీ లేవవు, వాటి మీద ఆశ పెట్టుకోకు.

ఇక వెలుగు. మన కంటికి హాలంతా వెలుతురుగానే ఉంటుంది, మొక్కకు మాత్రం కిటికీ నుంచి రెండు మూడు అడుగులు జరిగితే చీకటే. నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబ్ లైటు, 20 వాట్లది, తెల్ల వెలుగుది, మామూలు కరెంటు సామాన్ల షాపులోదే కొను. ఊదా రంగు లైట్లంటూ అమ్మేవాళ్ల మాట పట్టించుకోకు. మొలకల నెత్తికి బెత్తెడు ఎత్తున వేలాడదీసి, రోజుకు పద్నాలుగు పదిహేను గంటలు వెలిగించు, రాత్రి ఆర్పెయ్. పదిహేను గంటలకు 0.3 యూనిట్, అంటే నెలకు తొమ్మిది యూనిట్లు. మొక్క ఎదిగేకొద్దీ లైటు పైకి జరుపు. ఫ్యాను చిన్నగా తిరగనిస్తే కాడ గట్టిపడుతుంది, మట్టి పైపొరా ఆరుతుంది.

డిసెంబరులో వేసిన మిరప పదిహేను రోజులైనా మొలవలేదు. గింజలు పుచ్చువా?
— సునాబెడ నుంచి ఒక ఉద్యోగి

గింజల తప్పు కాదు బాబూ, మీ ఊరి చలి. కోరాపుట్ కొండల మీద దాదాపు 900 మీటర్ల ఎత్తున కూర్చుని మిరప ఎనిమిదో రోజుకు మొలవాలంటే ఎలా? దానికి 25 నుంచి 30 డిగ్రీల వెచ్చదనం కావాలి. 15కు దిగితే కదలదు. టమాటా కాస్త ఓర్చుకుంటుంది. తడి గుడ్డలో గింజలు చుట్టి, స్టీలు డబ్బాలో పెట్టి, వంటింట్లో పొయ్యికి రెండు మూరల దూరంలో ఉంచండి. మా అత్తగారు ఈ మూటనే గడ్డి కుప్పలో దాచేది. తెల్ల మొన కనపడగానే ట్రేలో పెట్టి లైటు కిందికి మార్చండి. ఒక్క రోజు ఆలస్యమైనా డబ్బాలోనే సాగిపోతుంది.

పెద్దమ్మగారూ, తిట్టకండి. ఫ్రెండ్ ఒకడు గంజాయి గింజలు నాలుగిచ్చాడు. అమ్మడానికి కాదు, గదిలో లైటు కింద ఒక్క మొక్క పెంచి చూద్దామని. ఇక్కడి కొండల్లో ఎంతో ఉంది కదా, ఒక్క కుండీకి ఏమవుతుంది?
— ఒక విద్యార్థి, జైపూర్ (కోరాపుట్ జిల్లా)

తిట్టను నాయనా, కానీ ఎలా మొలిపించాలో మాత్రం చెప్పను. 1985 నాటి మాదక ద్రవ్యాల చట్టంలో 8వ సెక్షన్ గంజాయి మొక్క పెంచడాన్నే నిషేధించింది. 20వ సెక్షన్ ప్రకారం పదేళ్ల దాకా కఠిన జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా. అందులో ఎకరం, కుండీ అన్న తేడా లేదు. కేసుల్లో తూకం చూసి శిక్ష తగ్గిస్తారని ఎవరో చెప్పి ఉంటారు. అది ఎండు సరుకు దొరికినప్పటి లెక్క, మొక్క పెంచినదానికి అది వర్తించదు. తెలిసి తెలిసి ఇల్లు వాడుకోనిచ్చినవాళ్లకూ శిక్ష ఉంది, అంటే మీ నాన్నగారు కూడా చిక్కుకుంటారు.

నీ ఫ్రెండు ఉత్తరాఖండ్ సంగతి చెబుతాడు, నాకు తెలుసు. అక్కడ నార కోసం, గింజ కోసం మత్తు తక్కువ రకాన్ని సర్కారు లైసెన్సు మీద పండిస్తారు. 2021లో ఆ గింజల్ని, నూనెని తిండి సరుకుగా ఒప్పుకున్న మాటా నిజమే. లైసెన్సు లేకుండా నీ గదిలో పెంచుకోవడానికి మాత్రం అవేవీ పనికిరావు. కొండల్లో ఉంది కదా అన్నావు. ఉంది. ఏటా పోలీసులు, ఎక్సైజువాళ్లు నరికి తగలబెడుతూనే ఉన్నారు. చెక్‌పోస్టు దగ్గర దొరికేది మూట మోసినవాడే తప్ప డబ్బు పెట్టినవాడు కాదని మా సంతకొచ్చే ఆడవాళ్లు అంటుంటారు. నాకూ అదే అనిపిస్తుంది.

లైటు కొనేశానంటావా? మంచిదే. దాని కింద మిరప వెయ్. గింజ లోతు, ట్రే బరువు, లైటు ఎత్తు, పైన రాయగడ అమ్మాయికి చెప్పినవన్నీ నీకూ అవే. ఆ నాలుగు గింజలు పొయ్యిలో వేసెయ్.

కొబ్బరి పీచు ఇటుక నానబెట్టి అందులోనే టమాటా వేశాను. రెండాకులొచ్చి పచ్చగా ఉన్నవి, పదిహేనో రోజుకు పసుపెక్కాయి.
— బరంపురం

ఆకలమ్మా. మొదట వచ్చే రెండాకులు గింజలో దాచుకున్న సద్ది. అది అయిపోయాక మొక్క మట్టిని అడుగుతుంది. వట్టి పీచులో తిండేమీ లేదు. అసలాకులు రెండు విచ్చుకున్నాక 19-19-19 ఎరువు లీటరుకు ఒక గ్రాము కలిపి వారానికోసారి ఇవ్వండి. ఎక్కువేస్తే ఆకుల అంచులు మాడతాయి. ఇటుకను వాడే ముందు రెండు మూడు నీళ్లు మార్చి కడగండి, అందులో ఉప్పు ఉంటుంది.

అన్నట్టు, మీ బరంపురం బజార్లో టమాటాను ఒడియాలో ‘బిలాతి బైగణ’ అంటారు కదా, పరదేశం నుంచి వచ్చిన వంకాయని. ఆ పేరు పెట్టినవాళ్లకు దండం పెట్టాలి. టమాటా, వంగ, మిరప ఒక్క కుటుంబమే. తెగుళ్లు కూడా పంచుకుంటాయి, ఒకదాని పాత ట్రేలో ఇంకోటి కడక్కుండా వెయ్యకండి.

నయాగఢ్ ముళ్ల వంకాయ గింజలు మా ఇంట్లో మొలుస్తాయా?
— గుణుపూర్

కంటెయిముండి గురించేగా? 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చాక అందరూ అదే అడుగుతున్నారు. మొలవడానికేం, వంగ ఎక్కడైనా మొలుస్తుంది. నయాగఢ్ రుచి గుణుపూర్‌లో వస్తుందని మాత్రం నేను మాటివ్వను.

నారు బలంగా వచ్చింది. బయట నాటిన రోజే ఆకులు తెల్లబడి కాలిపోయాయి.
— పర్లాకిమిడి

మా ఊరివాళ్లే ఇలా చేస్తే ఎలాగండీ! లైటు కింద పెరిగిన నారుకు ఎండంటే తెలియదు. మొదటి రోజు పొద్దుటి ఎండలో ఒక గంట, మర్నాడు రెండు, అలా వారం పది రోజులు పెంచుకుంటూ పోండి. ఆ రోజుల్లో నీళ్లు కాస్త బిగించండి. టమాటా 25 నుంచి 30 రోజులకు, మిరప 35 నుంచి 40కి నాటడానికి వస్తాయి. సాయంత్రం నాటండి. మిగిలిన నారు ఆకులు కాలినా చిగురు పచ్చగా ఉంటే పీకెయ్యకండి, నాలుగు రోజులు నీడపట్టున పెట్టి చూడండి.