వినికిడి మిషన్ ఏమైంది?

ప్రశ్న: ఈమధ్య ఒక ఫ్యామిలీ డ్రామా చూశాను. 12 ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన కూతురు మాట్లాడబోతే, తండ్రి చెవిలోని వినికిడి మిషన్ తీసి బల్ల మీద పెట్టేస్తాడు. ఆ సీన్‌కి గుండె కలుక్కుమంది. తీరా ఇంటర్వెల్ దగ్గర్నుంచి కొడుకు అప్పులు, పక్కింటివాళ్ల పెళ్లి గొడవ, ఏదో ఫ్లాష్‌బ్యాక్. తండ్రీకూతుళ్లను గాలికొదిలేశారు. 'జీవితమూ అంతేగా, ఒక్క కథే ఉంటుందా' అంటున్నారు మా ఫ్రెండ్స్. నాకే ఓపిక లేదంటారా?

జవాబు: ఓపిక లేకపోతే మీకు ఆ మిషన్ గుర్తుండేదే కాదండీ. నేనూ చూశాను. చీకట్లోనే చిన్న నోట్‌బుక్‌లో గీకడం నాకు అలవాటు. ఇంటికొచ్చి చూస్తే అక్షరాలు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. ఈసారి ఒక్క అంకె మాత్రం స్పష్టంగా ఉంది: 41. ఇంటర్వెల్ తర్వాత తండ్రి మొహం కనపడని నిమిషాలు. మళ్లీ కనపడ్డప్పుడు పక్క గదిలో ఫోన్ మోగగానే లేచి వెళ్తాడు. చెవిలో ఏమీ లేదు! రాసినవాళ్లే మర్చిపోయారు.

ఉపకథలు ఉండటం తప్పు కాదు. నడుస్తున్న కథను మధ్యలో తెంచేసి కూడా నిలబెట్టినవాళ్లున్నారు. హిచ్‌కాక్ 1960లో తీసిన 'సైకో' సంగతే తీసుకోండి (చూడనివాళ్లు ఈ పేరా వదిలేయండి). 40 వేల డాలర్లు కాజేసి పారిపోయే మేరియన్‌ని సినిమా సగం కాకముందే చంపేస్తాడు. డబ్బు న్యూస్‌పేపర్‌లో చుట్టి ఉంటుంది. అందులో ఏముందో తెలియని నార్మన్ (ఆమె దిగిన మోటెల్ నడిపేవాడు) దాన్ని కారు డిక్కీలో పడేసి, కారును ఊబిలోకి తోసేస్తాడు. అప్పటిదాకా మనం పడ్డ టెన్షనంతా బుడుంగున మునిగిపోతుంది. అయినా మోసపోయామనిపించదు. తర్వాత వచ్చే డిటెక్టివ్, ఆమె తోబుట్టువు, ప్రియుడు అందరూ వెతికేది మేరియన్‌నే. చిట్టచివరి షాట్‌లో ఊబిలోంచి పైకి లాగేది కూడా ఆ కారునే.

మీరు చూసిన సినిమాలో కొడుకు అప్పుల ట్రాక్‌కి ఆ తండ్రి అక్కర్లేదు. అక్కడే నాకు కడుపు మండింది. ఎందుకంటే చేతికందిన సీన్ ఒకటుంది. అప్పులవాడు గుమ్మంలో నిలబడి అరుస్తుంటాడు. ముసలాయనకు వినపడదు. ఇంట్లో ఉన్నది కూతురొక్కతే. వాడేమంటున్నాడో ఆమెనే అడగాలి, లేదా లేచి మిషన్ పెట్టుకోవాలి. ఏది చేసినా ఆ మౌనం పగిలేది. ఆయన చెయ్యి బల్ల వైపు కదిలింది కూడా, నేను చూశాను. ఇంతలో కొడుకు బైక్ మీద దిగాడు. ఫైట్. ఇంటర్వెల్ కార్డు.

క్లైమాక్స్‌లో ఆయన కూతుర్ని దగ్గరికి తీసుకున్నప్పుడు నా పక్క సీటాయన కళ్లు తుడుచుకున్నాడు. ఆ పెద్ద నటుడు బాగానే చేశాడు, కాదనను. నేను మాత్రం వెనకాల బల్ల మీద మిషన్ ఉందేమోనని చూస్తున్నాను. బల్ల కూడా లేదు.