హ్యామర్లు ఎత్తిపెట్టుకుని నడవకు, అల్లుడూ

బ్రాడీపేట, గుంటూరు

చిరంజీవి అల్లుడికి మావయ్య ఆశీస్సులు.

మీ అమ్మ నిన్న విజయవాడ నుంచి వచ్చి, నువ్వు పంపిన ఫొటో చూపించింది. కాన్సాస్‌లో కోత అయిపోయిన జొన్న చేను, కాళ్ల దగ్గర కుక్క, నీ భుజం మీద పాత జంట గొట్టాల తుపాకీ. చూడముచ్చటగా ఉన్నావు. కానీ ఫొటో పెద్దది చేసి చూస్తే, తూటాను పేల్చే సుత్తుల్లాంటి రెండు హ్యామర్లూ వెనక్కి లేచి ఉన్నాయి. మీ అమ్మకు చెబితే టెన్షన్ పడుతుందని చెప్పలేదు. రాత్రంతా నాకు నిద్ర లేదు. తెల్లారగానే ఇది రాస్తున్నాను.

హ్యామర్ లేచి ఉందంటే తుపాకీ పేలడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఇప్పటి తుపాకుల్లా ఈ పాతవాటికి సేఫ్టీ బటన్ సాధారణంగా ఉండదు. నీ బొటనవేలే దానికి సేఫ్టీ. నడిచినంతసేపూ హ్యామర్లు దించే ఉండాలి, గొట్టాలు ఆకాశం వైపే ఉండాలి. కుక్క వాసన పట్టి బిగుసుకుని నిలబడినా సరే ఎత్తకు. పిట్ట రెక్క కొట్టి లేచాక, తుపాకీ భుజానికి వస్తూ ఉండగా కుడి హ్యామర్ ఎత్తు. అప్పుడు చూపుడువేలు ట్రిగ్గర్ గార్డు బయటే ఉండాలి. మామూలుగా ముందు ట్రిగ్గర్ కుడి గొట్టానిది, వెనకది ఎడమ గొట్టానిది. నాకైతే మొదట్లో చాలాకాలం కుడి గొట్టం ఒక్కటే వాడమని చెప్పారు, నీకూ అదే చెబుతున్నా. ఇంట్లో డమ్మీ తూటాలు పెట్టుకుని, గోడ వైపు తిరిగి, రోజూ పాతికసార్లు ఇది చెయ్యి. నెల తిరిగేసరికి చెయ్యి దానంతట అదే చేస్తుంది. ఈలోపు రెండు పిట్టలు తప్పించుకుపోతే పోనీ.

హ్యామర్ ఎత్తడం కన్నా దించడమే ప్రమాదం. ఇది నేను ఒకరి దగ్గర విని చెబుతున్న మాట కాదు.

1967లో నాకు 19 ఏళ్లు. సంక్రాంతికి ముందు, బాపట్ల వైపు ఒక చెరువు గట్టు మీద మీ తాతయ్యా నేనూ కూర్చున్నాం. బాగా మంచు. పరజ బాతులు లేచాయని రెండు హ్యామర్లూ ఎత్తాను. అవి తాడిచెట్ల మీదుగా అటు తిరిగిపోయాయి. ఎత్తినవి దించాలి కదా. తుపాకీ మూసి ఉండగానే, కుడి హ్యామర్ మీద బొటనవేలు పెట్టి, ట్రిగ్గర్ నొక్కి మెల్లగా దించబోయాను. చెయ్యి మంచుకు తడిసి కొయ్యబారిపోయింది. హ్యామర్ మీది గరుకు గీతలు ఎప్పుడో అరిగి నున్నబడ్డాయి. వేలు జారింది. మీ తాతయ్య కాలికి మూరెడు దూరంలో గట్టు మట్టి లేచి ఆయన పంచె మీద పడింది. అక్కడ నా పిడికిలి పట్టేంత గుంట. ఆయన తిట్టలేదు. నా చేతిలోంచి తుపాకీ తీసుకున్నారు. ఎడమ హ్యామర్ ఇంకా లేచే ఉంది. దాన్ని ముట్టుకోకుండా ముందు గొట్టాలు కిందికి వంచి తుపాకీ తెరిచి, పేలని తూటా, పొగ వస్తున్న ఖాళీ తూటా రెండూ తీసి నా జేబులో పెట్టారు. అప్పుడు దించారు. "ముందు తెరవాలిరా, తర్వాత దించాలి" అన్నారు. ఇంటికొచ్చేదాకా ఇంకో మాట లేదు. తొడకు తగిలిన ఆ ఖాళీ తూటా వెచ్చదనం నాకు ఇప్పటికీ గుర్తే.

అందుకని పిట్ట దూరమైపోయినా, ఒక గొట్టం పేల్చాక రెండోది ఎత్తి ఉండిపోయినా, మనిషీ కుక్కా లేని వైపు గొట్టాలు తిప్పి ముందు తుపాకీ తెరువు. తూటాలు తియ్యి. ఆ తర్వాత హ్యామర్‌ను బొటనవేలితో గట్టిగా పట్టి, ట్రిగ్గర్ నొక్కి, అది కదలగానే ట్రిగ్గర్ వదిలేసి, మెల్లగా దించు. చలికి గ్లవుజులు వేసుకుంటావు కాబట్టి కుడి బొటనవేలు దగ్గర పలచగా ఉన్నది చూసుకో.

ఇంకో సంగతి. ఖాళీ తుపాకీ మీద హ్యామర్ దించి, అది తూటాను పొడిచే పిన్నును ఆనుకుని ఉందా, కాస్త వెనక్కి వచ్చి ఆగిందా చూడు. ఇంగ్లండ్‌లో 1860ల చివర నుంచి వెనక్కి వచ్చి ఆగే రకం వచ్చింది. నీది అదైతే మంచిదే. ఆనుకునే రకమైతే మాత్రం పిన్ను నేరుగా తూటా మీద కూర్చుంటుంది. అలా ఉండగా తుపాకీ మూసినా, ఎక్కడైనా చిన్న దెబ్బ తగిలినా పేలొచ్చు. సగం ఎత్తి పెట్టుకుంటే చాలంటారు కానీ, దాన్ని సగంలో ఆపే, నూరేళ్లు అరిగిన గాడిని నమ్మి నేను నడవను. అలాంటిదాన్ని గోడకు తగిలించుకో, వేటకు వేరేది తీసుకో.

గొట్టాల మీద పట్టుచీర మెరుపులాంటి అలలు కనిపిస్తే అది డమాస్కస్, ఇనుమూ ఉక్కూ మెలిపెట్టి చుట్టిన గొట్టం. అందం చూసి మోసపోకు. వాటిలో చాలావరకు పాతకాలపు నల్ల తుపాకీమందు (బ్లాక్ పౌడర్) రోజులవి. తూటా గది 65 మిల్లీమీటర్లే ఉంటే, ఇప్పటి 70 మిల్లీమీటర్ల తూటా కూడా లోపలికి పోతుంది, ఎందుకంటే పేలకముందు దాని మూతి మడతపెట్టి ఉంటుంది. పేలినప్పుడు ఆ మడత విప్పుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. పాత తుపాకులు తెలిసిన గన్‌స్మిత్‌తో గది పొడవు, గొట్టం మందం కొలిపించి, ఆయన చెప్పిన తక్కువ ఒత్తిడి తూటాలే కొను. స్టీలు గుళ్లు వద్దే వద్దు.

కంచె దాటేటప్పుడు, కాలవ దూకేటప్పుడు, కారు దగ్గరికి వచ్చేటప్పుడు తుపాకీ ఖాళీ చేసి తెరిచే పట్టుకో. అక్కడి హంటర్ ఎడ్యుకేషన్ క్లాసు తప్పకుండా చెయ్యి. అడవికోడి లాంటి ఆ ఫెజెంట్ పిట్టల్లో ఆడదాన్ని కొట్టడం అక్కడ నేరం కదా, పుంజో పెట్టో తేలకపోతే హ్యామర్ ఎత్తనే ఎత్తకు.

మీ తాతయ్య తుపాకీ నా దగ్గరే ఉంది. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చాక అది చెరువు గట్టు ఎక్కలేదు. ఎన్నికలు వచ్చినప్పుడు స్టేషన్‌లో అప్పగించడం, మళ్లీ తెచ్చుకుని నూనె రాయడం, అంతే. పిట్టల మీద మనసు పోయినప్పుడు ఉప్పలపాడు చెరువుకు వెళ్లి గూడబాతుల్ని, ఎర్రకాళ్ల కొంగల్ని చూసి వస్తుంటాను. నువ్వు వచ్చినప్పుడు ఇద్దరం వెళదాం.

ఈ వారం మళ్లీ ఒక ఫొటో పంపు. తుపాకీ తెరిచి మోచేతి మీద వేసుకుని, రెండు గొట్టాల్లోంచీ వెలుతురు కనిపించేలా తీయించుకో. అది మీ అమ్మకు నేనే చూపిస్తాను.

మీ మావయ్య